ఆ ప్లాస్టిక్ గ్లాసు ఇంకా నా దగ్గరే ఉంది

మా ఇంటి సామాను – 6

పోయిన ఆదివారం మా చేపల తొట్టి ఫొటో పెట్టాను. చాలామంది బాగుందన్నారు. ఒక తమ్ముడు మాత్రం ఇన్‌బాక్సులోకి వచ్చి, "అక్కా, స్కాలర్‌షిప్పుల మీద రాస్తావు, రోస్టర్ పాయింట్ల మీద రాస్తావు. నీ పోస్టులు హాస్టల్లో ఒకరు చదువుతుంటే పదిమందిమి వింటాం. ఇప్పుడీ చేపలేంటక్కా? అది డబ్బున్నోళ్ళ హాల్లో ఉండే సరదా గదా" అన్నాడు.

నాకు కోపం రాలేదు. పీహెచ్‌డీ చేసే రోజుల్లో నేనూ ఇట్లాగే ఉండేదాన్ని. మా హాస్టల్లో ఒకమ్మాయి కిటికీ గట్టు మీద పగిలిన మగ్గుల్లో నందివర్ధనం కొమ్మలు గుచ్చి పెంచేది. ఆమె కూడా మన పిల్లే. "నీకు బాగా తీరికుందే" అన్నానొకసారి. ఆమె నొచ్చుకుంది. తీరిక ఉండటం తప్పన్నట్టు మాట్లాడాను. మన తాతలకి తీరిక లేకుండా చేసినవాళ్ళు కూడా అదే మాట అనేవాళ్ళు కదా. అందుకని ఈ వారం తమ్ముడికి జవాబు.

ముందు లెక్క చెప్తాను. నా తొట్టి థర్మాకోల్ పెట్టె. ఐసు వేసి రొయ్యలు పంపించే పెట్టె. చేపల మార్కెట్లో ఒక పిన్ని ఊరికే ఇచ్చింది. నలభై లీటర్ల నీళ్ళు పడతాయి. ఫిల్టరు ఒక నీళ్ళ సీసా, ఒక స్పాంజి, కరెంటు వైర్లు వేసే పైపు ముక్క. చేపలు దాక్కోడానికి పగిలిన పూలకుండీ, సగం కొబ్బరి చిప్ప. నీళ్ళు తీయడానికి మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు. మొత్తం మీద డబ్బు పెట్టి కొన్నది గాలి పంపు ఒక్కటే, రెండొందల యాభై. ఇంకొక వస్తువు ఉంది, అది ఒక ప్లాస్టిక్ గ్లాసు. ఎక్కడిదో తర్వాత చెప్తాను.

నా మొదటి చేపలు చచ్చిపోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పంట కాలవలో పరిగెలు పట్టేవాళ్ళం. వల ఎక్కడిది? అమ్మ పాత చీర ముక్క చెరోవైపు పట్టుకుని నీళ్ళలో ముంచి లేపడమే. ఒకరోజు రెండు పరిగెల్ని పులుసులో పడకుండా దాచి హార్లిక్స్ సీసాలో వేశాను. మేమెప్పుడూ హార్లిక్స్ తాగలేదు. అమ్మ పాచిపనికి వెళ్ళే ఇంటావిడ ఉప్పు పోసుకోమని ఇచ్చిన సీసా అది. దాన్ని బాగా సబ్బు పెట్టి తోమాను. వీధి పంపు నీళ్ళు నిండా పోశాను. గుప్పెడు మెతుకులు వేశాను. పిల్లి తింటుందని మూత బిగించాను. తెల్లారేసరికి రెండూ పక్కకి ఒరిగి తేలుతున్నాయి.

అమ్మ చూసి, "పులుసులో వేస్తే మనిషికో ముద్ద దిగేది. సీసాలో పెట్టి ఊరికే చంపావు గదే" అంది.

ప్రేమతో నేను చేసిన నాలుగు పనులూ చేపని చంపేవే అని పాతికేళ్ళ తర్వాత తెలిసింది. సబ్బు ఎంత కడిగినా గాజుకి పొరలాగా అంటుకుని ఉంటుంది, చేప మొప్పలకి అది చాలా చెడ్డది. పంపు నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, మనుషులకి రోగాలు రాకుండా కలిపేది చేప మొప్పల్ని కాలుస్తుంది. మెతుకులు కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. నీళ్ళు మెడదాకా పోస్తే గాలి తగిలే పైభాగం రూపాయి బిళ్ళంత మిగులుతుంది, మూత పెడితే అదీ పోతుంది. నీళ్ళకి గాలి అందేది ఎక్కువగా పైనుంచే. అందుకే చేపలకి లోతైన సీసా కంటే వెడల్పాటి బేసిన్ మేలు. ఇది ఆ వయసులో నాకు చెప్పేవాళ్ళు లేరు. మా బడిలో సైన్సు పాఠం ఉంది, మాస్టారు లేరు.

ఆ సీసా సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మా ఇంట్లో సామానంతా రెండో చేతి సామానే. సొట్టలు పడ్డ సత్తు గిన్నెలు, చెవి విరిగిన బకెట్టు, అంచు చిరిగిన దుప్పటి. వీటికి మా ఇంట్లో రెండో పుట్టుక ఉండేది. చిరిగిన చీర ముందు లంగా అయ్యేది, తర్వాత ఉయ్యాల, తర్వాత బొంత, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. ఇప్పుడు ఇంటర్నెట్‌లో దీన్ని 'డీఐవై' అంటున్నారు. పాత జీన్స్‌తో సంచి, పాత సీసాతో దీపం. వీడియో కింద చప్పట్లు. మా అమ్మ చేస్తే మాత్రం అది లేమి.

పనిలో తేడా లేదు, ఎంచుకునే వీలులోనే ఉంది. వాళ్ళకి కొత్తది కొనుక్కునే దారి ఉండి పాతది వాడారు. మాకు ఆ దారి మూసి, ఊరు వాడి పారేసింది మాత్రమే చేతిలో పెట్టారు. పాత బట్ట, మిగిలిన కూడు, చచ్చిన గొడ్డు. ఆ చచ్చిన గొడ్డు తోలుతోనే మా తాతలు చెప్పులు కుట్టారు, డప్పు కట్టారు, మోటబావికి తోలు బొక్కెన కుట్టారు. కరెంటు మోటార్లు రాకముందు మెట్ట పొలాల్లో నీళ్ళు పైకొచ్చింది ఎక్కువగా ఆ బొక్కెనలోనే. మాదిగ కుట్టిన తోలు నీళ్ళలో మునిగితే పంట పండింది, అదే మాదిగ చెయ్యి మంచినీళ్ళ బావిని తాకితే బావి చెడింది. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా నాకు తేలదు.

సాహిత్యం చెప్పుకుని బతికేదాన్ని, అలవాటు పోదు. కాళిదాసు మేఘాన్ని రాయబారం పంపాడు. 1941లో జాషువా గబ్బిలాన్ని పంపాడు. ఇంట్లోకొస్తే అపశకునమని అందరూ తరిమే గబ్బిలం గుళ్ళోకి మాత్రం అడ్డం లేకుండా పోతుంది, అంటరానివాడు పోలేడు. నలుగురూ పనికిరాదన్నదాన్ని తీసుకుని దానితో పెద్ద పని చేయించడం మన కవిత్వంలోనూ ఉంది, మన వంటింట్లోనూ ఉంది. ఇది క్లాసులో చెప్తే పిల్లలు నవ్వుతారు గానీ పరీక్షల్లో బాగా రాస్తారు.

ఇప్పుడు గ్లాసు.

2022 వేసవిలో మా కాలేజీలో ఒక సారు కొత్త ఇల్లు కట్టుకుని అందర్నీ భోజనానికి పిలిచారు. స్టాఫ్ ఏడుగురం వెళ్ళాం. ఎండన పడి వెళ్ళామని ముందు మజ్జిగ తెచ్చారు. పళ్ళెంలో ఆరు స్టీలు గ్లాసులు, ఒకటి ప్లాస్టిక్ గ్లాసు. ఆవిడ ఒక్కొక్కరికీ అందిస్తూ వచ్చి, ప్లాస్టిక్ గ్లాసు నా ముందు టీపాయ్ మీద పెట్టారు. చేతికివ్వలేదు, పెట్టారు. "స్టీలువి చాల్లేదమ్మా" అన్నారు నవ్వుతూ. నేను కూర్చున్న చోటునుంచి వంటగది కనపడుతోంది. గట్టు మీద బోర్లించిన స్టీలు గ్లాసులు ఉన్నాయి. లెక్కపెట్టాను. ఎనిమిది.

నేను ఆ మజ్జిగ తాగాను. ఈ వాక్యం ఇక్కడ రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మీద, కథల్లో అది ఎట్లా వచ్చిందనే దాని మీద, నా థీసిస్‌లో ఒక అధ్యాయమంతా రాసినదాన్ని. ఆ హాల్లో నా నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. ఎండ, ఆకలి, కొత్త ఉద్యోగం, పక్కన ఆరుగురు. అంతకంటే ముఖ్యంగా, ఒకవేళ నిజంగానే చాల్లేదేమో అనే అనుమానం. ఈ కాలపు అంటరానితనం చేసే అసలు పని ఇదే. వెనకటి రెండు గ్లాసుల్ని హోటల్ చూరులో గుచ్చిపెట్టేవాళ్ళు, దాన్ని వేలెత్తి చూపించవచ్చు. వాడి పారేసే గ్లాసుకి ఎప్పుడూ ఒక సాకు ఉంటుంది. శుభ్రత, సౌకర్యం, చాల్లేదు. అవమానం జరిగిందని రుజువు చేసే పని కూడా మనదే అవుతుంది.

భోజనాలయ్యాక అందరూ విస్తళ్ళు బుట్టలో వేస్తున్నారు. నేను గ్లాసు కడిగి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. అక్కడ వదిలేస్తే చెత్తలోకి పోతుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. నా దగ్గరుంటే కనీసం నాకైనా రుజువు. నెల రోజులు అది మా వంటగది అలమరాలో, పసుపు డబ్బా పక్కన ఊరికే ఉంది. అమ్మ, "ఇదేంటే, పారెయ్యనా?" అంటే వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు.

చేపలు వచ్చింది ఆ వర్షాకాలంలో. మా డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి, ఎస్సీ హాస్టల్లో ఉంటుంది, ఒక పాలిథిన్ కవర్లో గప్పీల జంట తెచ్చింది. వాళ్ళ హాస్టల్ వెనక నీళ్ళ తొట్టిలో దోమలు పెరగకుండా ఎవరో వేస్తే పెరిగినవట. గప్పీలు, గంబూసియాలు దోమ లార్వాలని తింటాయి. మున్సిపాలిటీ వాళ్ళు గుంటల్లో, చెరువుల్లో గంబూసియాని వదలడం మీరూ చూసే ఉంటారు. ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పదు. వాళ్ళ నాన్న తాపీ మేస్త్రీ. చేపలు ఇచ్చి వెళ్ళిపోతుందనుకుంటే, "మేడం, వెంటనే వేసెయ్యొద్దు. కవరు నీళ్ళమీద కాసేపు తేలనిచ్చి, మీ నీళ్ళు కొంచెం కొంచెం కలపండి" అంది. కొంచెం కొంచెం కలపడానికి చేతికి అందిన గ్లాసు ఏదో మీకు తెలిసిపోయింది.

తొట్టి మేమిద్దరం కలిసి చేశాం. చెయ్యాలనుకునేవాళ్ళ కోసం వివరంగా రాస్తున్నాను.

పెట్టె ఏదైనా ఫరవాలేదు, దాంట్లో ఇంతకుముందు ఏముందో తెలియాలి. ఐసు పెట్టె, కూరగాయల డబ్బా, కొత్త బకెట్టు మంచివి. రంగు డబ్బా, యాసిడ్ క్యాను వద్దు. పురుగుమందు డబ్బా అసలు ముట్టుకోవద్దు. మిరప చేలల్లో ఖాళీ పురుగుమందు డబ్బాల్లో తాగేనీళ్ళు తెచ్చుకునే కూలీలని నేను చూశాను. చేపకి పనికిరాని డబ్బా మనిషికి పనికొస్తుందా? ఈ ఒక్క మాట మీ ఇళ్ళల్లో చెప్పండి, చేపలు పెంచకపోయినా సరే. థర్మాకోల్ పెట్టెని సబ్బుతో కాదు, రాళ్ళ ఉప్పుతో రుద్ది కడగాలి. ఒక రాత్రి నీళ్ళు పోసి ఉంచితే కారేదీ లేనిదీ తెలుస్తుంది. థర్మాకోల్‌కి ఒక సుగుణం ఉంది, మన ఎండల్లో నీళ్ళు తొందరగా వేడెక్కనివ్వదు.

నీళ్ళు వెడల్పాటి పాత్రలో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. రాగి బిందెలో మాత్రం ఉంచకూడదు. రాగి మనకి మంచిదంటారు గానీ చేపలకి, నత్తలకి విషం.

ఫిల్టరు కోసం అరలీటరు సీసా అడుగున సూది కాల్చి కన్నాలు పెట్టాం. కొత్త స్పాంజికి గరుకు పొర చించేసి లోపల కుక్కాం. మధ్యలో వైరింగ్ పైపు ముక్క నిలబెట్టి, గాలి పంపు గొట్టాన్ని దాని అడుగుదాకా దించాం. బుడగలు పైకి లేస్తూ పైపులో నీళ్ళని తోసుకుపోతాయి, ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న నీళ్ళు స్పాంజిలోంచి దూరి వస్తాయి. చెత్త అక్కడ ఆగుతుంది. కానీ అసలు పని చెత్త ఆపడం కాదు. చేప విసర్జించింది, మిగిలిన తిండి అమ్మోనియా అవుతాయి. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోదాన్ని చేపలు చాలావరకు తట్టుకుంటాయి. ఈ బాక్టీరియా స్పాంజిలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా ఒకటి రెండు చేపలే ఉంచాలి, తిండి చిటికెడే వెయ్యాలి. స్పాంజి మురికైందని పంపు కింద పెట్టి సబ్బుతో ఉతికితే తొట్టి శుభ్రంగా కనిపిస్తుంది, రెండు రోజుల్లో చేపలు చస్తాయి. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే మెల్లిగా పిండాలి. మురికిని మార్చేవాళ్ళు కంటికి కనపడకపోతే వాళ్ళు లేరనుకోవడం మనుషుల దగ్గరా చూస్తాం.

లెవెల్ ట్యూబు ఆ అమ్మాయి తెచ్చింది. గోడ మట్టం చూడటానికి వాళ్ళ నాన్న నీళ్ళు నింపి వాడే తెల్లని గొట్టం. కొత్త గొట్టం కొన్నాక పాతది పక్కన పడేశాడట. ఒక కొస తొట్టిలో ముంచి, గొట్టమంతా నీళ్ళు నిండాక రెండో కొస వేలితో మూసి, కింద బకెట్లో వదిలితే అడుగున చేరిన చెత్తంతా లాక్కొస్తుంది. వారానికి పావు వంతు నీళ్ళు అట్లా తీసి, నిలవ ఉంచిన నీళ్ళు పోస్తాం. ఆ నీళ్ళు మొక్కలకి బలం. "గొట్టం రెండు కొసల్లో నీళ్ళు ఒకే మట్టంలో నిలబడతాయి మేడం. మా నాన్న దీన్ని పట్టుకునే పదిళ్ళకి మట్టం చూశాడు. ఇది ఫిజిక్స్ అని నాకు ఇంటర్‌లోనే తెలిసింది" అంది. క్లాసులో మాట్లాడని పిల్ల ఆ సాయంత్రం గంటసేపు మాట్లాడింది.

ఇంకొన్ని. మన బడుల్లో ఉండే బాదం చెట్టు ఎండుటాకు ఒకటి వేస్తే నీళ్ళు పలచని టీ రంగుకొస్తాయి, ఫైటర్ చేపలకి అది ఇష్టం. రాళ్ళు వేసేముందు నిమ్మకాయ పిండండి, బుసబుస పొంగితే అది సున్నపురాయి, నీటి గుణాన్ని మారుస్తుంది, వద్దు. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, కన్నాక తినేస్తుంది కూడా. పిల్లల్ని వలతో పట్టకూడదు, గ్లాసుతో నీళ్ళతో సహా తీసి వేరే డబ్బాలో పెట్టాలి. ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన ఆవగింజంత గుడ్డలో కట్టి నీళ్ళలో పిండితే వాటికి అదే పాలు. ఎక్కువైతే నీళ్ళు కుళ్ళుతాయి. తొట్టి మీద పాత దోమతెర కప్పొచ్చు. ఏజెన్సీలో ఉండే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ జాగ్రత్త, మలేరియాకి ప్రభుత్వం ఇచ్చే తెరలకి మందు పట్టించి ఉంటుంది. అది దోమల్నే కాదు, చేపల్నీ చంపుతుంది. మరీ ముఖ్యంగా, తొట్టి చేపల్ని కాలవల్లో, చెరువుల్లో వదలొద్దు. అక్వేరియంలో అద్దాలు నాకుతూ ఉండే చేప చెరువుల్లో చేరి 'దెయ్యం చేప' పేరుతో మన జాలర్ల వలలు చింపుతోంది.

ఇక ఆ రాత్రి సంగతి.

2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు ముందురోజు నుంచే గాలి, వాన. కరెంటు పోయింది, ఇక రాలేదు. పంపు ఆగింది. అప్పటికి తొట్టిలో ముప్పై దాకా చేపలున్నాయి. ఆ నీళ్ళకి అది ఎక్కువే, నా తప్పే. గంట గడిచేసరికి అన్నీ పైకి చేరి నోళ్ళు తెరుస్తున్నాయి. పంపు ఆగితే చేయాల్సిన పని ఒకటే. గ్లాసుతో నీళ్ళు ముంచి, కొంచెం ఎత్తునుంచి తిరిగి అందులోనే పోస్తూ ఉండాలి. పడే నీళ్ళు గాలిని లోపలికి తీసుకెళ్తాయి. కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాను. నేను భయపడుతూ నీళ్ళకి ఆనించినట్టు పోస్తున్నాను, చేపలు బెదురుతాయని.

అమ్మ వచ్చి కాసేపు చూసింది. చూసి, గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది.

"అట్టా పోస్తే ఏం లాభం? ఎంత ఎత్తునుంచి పొయ్యాలో నన్నడుగు" అని మూరెడు ఎత్తు లేపి ధార కట్టింది.

"నీకెట్లా తెలుసు?"

"దోసిలి పట్టి తాగినదాన్ని గాదూ."

పోస్తూనే చెప్పింది. వాళ్ళ చిన్నప్పుడు ఊరి బావి దగ్గర వీళ్ళు చేద వెయ్యకూడదు. బిందెలు దూరంగా పెట్టి నిలబడాలి. ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరన్నా దయతలిచి తోడి పోస్తే నింపుకోవాలి. దాహమైతే వంగి దోసిలి పట్టాలి, వాళ్ళు పైనుంచి పోస్తారు. చేద ఎక్కడా తగలకూడదు గనక ఎత్తునుంచి పోస్తారు. "సగం నోట్లోకి, సగం రవికెలోకి. ముక్కులోకి పోయి ఉక్కిరిబిక్కిరయ్యేది. ఎత్తు తెలియదంటావేంటే" అంది. నవ్వింది కూడా. నేను నవ్వలేకపోయాను.

మా అమ్మ ఈ సంగతి నాకు అంతకుముందెప్పుడూ చెప్పలేదు. నేను అంటరానితనం మీద పుస్తకాలు సేకరించాను, ఎంతమందినో ఇంటర్వ్యూలు చేశాను, ఇంట్లో ఉన్న మనిషిని అడగలేదు. కారంచేడు గురించి ఆమె అప్పుడప్పుడు మాట్లాడేది. 1985లో ఆమెకింకా పెళ్ళి కాలేదు. మంచినీళ్ళ చెరువు దగ్గర కుడితి బకెట్లు కడిగి నీళ్ళు పాడుచేస్తుంటే అడిగినందుకు గొడవ మొదలవడం, కొట్టబోతే మున్నంగి సువార్త తన బిందె ఎత్తడం, మర్నాడు జూలై 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపడం. "బిందె ఎత్తింది తల్లి" అని మాత్రం అనేది. ఆ రాత్రి నాకు అర్థమైంది, ఆమె ఆ మాట ఎందుకు అన్నిసార్లు అనేదో. తను బిందె పట్టుకుని ఊరికే నిలబడ్డ ఏళ్ళు ఉన్నాయి గనక.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నాడు. ఎవరూ పైనుంచి పోయలేదు. తర్వాత రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపేరునా రాయించుకోవలసి వచ్చింది. పరీక్షలకి చదివే పిల్లలు ఆ పదాలని బట్టీ పట్టేసి దాటిపోకండి. అవి రాతలోకి ఎక్కడానికి ముందు చాలామంది ముక్కుల్లోకి నీళ్ళు పోయాయి.

తెల్లవార్లూ వంతులేసుకుని పోశాం. పది నిమిషాలు పోయడం, అరగంట ఆగడం. నేను పోసేటప్పుడు గ్లాసు సంగతి అమ్మకి చెప్పాను, మజ్జిగ సంగతి. అమ్మ ఏమీ అనలేదు. చాలాసేపటికి, "తాగావా?" అంది. తాగానన్నాను. "మేమూ తాగాం లే" అంది. ఓదార్పో, నిష్ఠూరమో నాకు తెలియలేదు. పొద్దున చూస్తే మూడు చేపలు పోయాయి. మిగిలినవి బతికాయి. కరెంటు సాయంత్రానికి వచ్చింది.

జనవరిలో ఇంటర్నల్ మార్కుల పని మీద ఆ సారు మా ఇంటికొచ్చారు. స్టీలు గ్లాసులో మంచినీళ్ళు ఇచ్చాను, చేతికిచ్చాను, తాగారు. తొట్టి చూసి ముచ్చటపడ్డారు. అప్పుడే పుట్టిన గప్పీ పిల్లలు ప్లాస్టిక్ గ్లాసులో ఉన్నాయి. "భలే వాడారు మేడం గ్లాసుని" అన్నారు. ఆయన గుర్తుపట్టలేదు. ఎట్లా గుర్తుపడతారు? వాళ్ళింట్లో అది చెత్తబుట్టకి పోయే వస్తువు. నేను చెప్పలేదు. ఆయన చెడ్డవాడైతే ఆ రోజే చెప్పేసేదాన్ని. మన పిల్లల స్కాలర్‌షిప్పులు ఆగినప్పుడు అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే. కష్టమంతా అక్కడే ఉంది. అర్జీ మీద సంతకం పెట్టే చెయ్యి ఇంట్లో గ్లాసుల లెక్క దగ్గర పక్కకి తప్పుకుంది.

ఆయన నా ఫ్రెండ్స్ లిస్టులో ఉన్నారు. ఇది చదువుతారు.

సార్, పేరు రాయలేదు, రాయను. గ్లాసు మీదే. ఆ రోజు గట్టు మీద ఎనిమిది స్టీలు గ్లాసులు ఉన్నాయి. ఈ సంగతి మీకు అప్పుడే తెలుసో, ఇప్పుడే తెలుస్తోందో నాకు తెలియదు. రెండూ ఒకటి కావు. సోమవారం స్టాఫ్ రూములో కనపడతాం. మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి. అనిపించకపోతే ఆ సంగతి కూడా నాకు తెలియాలి.

తమ్ముడూ, నీకు. చేపలు డబ్బున్నోళ్ళ సరదా అన్నావు. సరదాలన్నీ వాళ్ళకి రాసిచ్చేస్తే మనకి మిగిలేది పోరాటం ఒక్కటే. అది మాత్రమే చేస్తూ బతకమని మనకి ఎవరూ రాసిపెట్టలేదు. రోహిత్ వేముల నక్షత్రాల గురించి రాయాలనుకున్నాడని మర్చిపోకు. ఈ తొట్టి ముందు కూర్చున్న సాయంత్రాల్లోనే ఆ అమ్మాయి మాట్లాడటం మొదలుపెట్టింది. ఈ తొట్టి ముందే మా అమ్మ యాభై ఏళ్ళ దాహం చెప్పింది. ధర్నాలో ఆ రెండూ జరిగేవో లేదో నాకు తెలియదు.

వచ్చే ఆదివారం మీ హాస్టల్‌కి వస్తాను. ఒక ఐసు పెట్టె సంపాదించు. సబ్బు పెట్టి కడక్కు. నీళ్ళు శనివారమే పట్టి ఉంచు. గప్పీలు నేను తెస్తాను. గ్లాసు మాత్రం మీదే ఒకటి చూసుకోండి, నాది ఇవ్వను.

జై భీమ్.